ఒడ్డుకీ పడవకీ మధ్య పది అడుగులు

ఈ సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని సంఘం కార్యదర్శి మా క్లాసుకు వచ్చి అడిగాడు. ఫైనలియర్ బి.యస్సీ. ఫిజిక్సు వాణ్ణి కనుక ఏ కృష్ణబిలాల గురించో వ్రాస్తాననుకున్నాడు కాబోలు. నేను పడవపందేల గురించి వ్రాస్తానన్నాను. అతను నా ఎడమకాలి వైపు ఒక్కసారి చూచి, వెంటనే చూపు మరల్చుకొని, "వ్రాయి బ్రదర్, వ్రాయి" అన్నాడు. మంచివాడే. కాని ఆ చూపు మరల్చుకోవడం వుంది చూశారూ, దాన్ని గురించే ఈ నాలుగు మాటలూ.

మాది వరంగల్లు జిల్లాలో ఒక పల్లె. రెండెకరాల మిర్చి, ఎకరంన్నర వరి. కాలం కలిసొస్తే తిండి, కలిసిరాకపోతే అప్పు. నాకు పద్నాలుగేళ్లప్పుడు దుక్కిలో రోటవేటరు నా ఎడమకాలిని మోకాలి కింది నుంచి తీసుకుపోయింది. ఎవరి తప్పూ కాదు, వాన ముంచుకొస్తోందన్న తొందర తప్పు. ఆ ఏడు మిర్చి డబ్బు ఆస్పత్రికి పోయింది, మరుసటేడు మిర్చి డబ్బు కొయ్యకాలికి పోయింది. ఈ సంగతి ఇంతటితో ఆపుతాను. మీకు జాలి పుట్టించడానికి కలం పట్టలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక నా క్రికెట్ మిత్రులు నన్ను శాశ్వత అంపైరును చేసేశారు. అంపైరుకు గౌరవం వుంటుంది గాని ఆట వుండదు. ఆ రోజుల్లోనే మా వూళ్లో చేపలు పట్టే మామ ఒకాయన నన్ను చెరువులో తన తెప్ప మీద కూర్చోబెట్టుకున్నాడు. థర్మకోల్ ముక్కలను గోనెసంచుల్లో కుట్టి, వెదురుబద్దలతో బిగించిన తెప్ప అది. దాని మీద ఎంత మొనగాడైనా కాళ్లు ముడుచుకొని కూర్చోవలసిందే. పని చేసేవి చేతులు, గాలివాటం కనిపెట్టేవి కళ్లు. చెరువు మధ్యకు పోయాక మామ తెడ్డు నా చేతికిచ్చి బీడీ ముట్టించుకున్నాడు. "జాగ్రత్త" అని కూడా అనలేదు. కాలు పోయిన తరువాత నాతో ఆ మాట అనని మొదటి మనిషి ఆయన. ఆ పూట నాకు అర్థమయింది: నీటి మీద నాకు లోపం లేదు. లోపమంతా ఒడ్డు మీదే వుంది.

ఇప్పుడు మాదాపూర్‌లో మా అక్క గదిలో వుండి చదువుకుంటున్నాను. అక్క ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు చేస్తుంది. ఆమె వచ్చి పడుకునే వేళకు నేను బయలుదేరతాను కనుక ఒక గది ఇద్దరికీ సరిపోతోంది. దుర్గం చెరువు స్టేషన్‌లో మెట్రో ఎక్కుతాను. స్టేషన్‌కు లిఫ్టు వుంది, రైలు గుమ్మం ప్లాట్‌ఫారంతో సమానంగా వుంటుంది. కాబట్టి రైల్లో నేను వికలాంగుణ్ణి కాను. దిగి, రోడ్డు దాటి, ఏదైనా కట్టడం ముందు పది మెట్లు ఎదురైనప్పుడు మళ్లీ అవుతాను. రోజులో ఇలా నాలుగైదు సార్లు అవుతూ, మానుతూ వుంటాను. ఇది నా ఒంట్లో వున్న జబ్బయితే ఇలా గంటగంటకూ మారుతుందా, మీరే చెప్పండి.

సాయంత్రాలు దుర్గం చెరువు వంతెన మీద నిలబడటం నాకు అలవాటు. 2020 సెప్టెంబరులో తెరిచిన ఈ తీగల వంతెన దీపాలను చూడటానికి జనం వస్తారు, ఫోటోలు దిగుతారు. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు ఇది. నేను దీపాలకన్నా కింద నీటిని చూస్తాను. గాలి తాకినచోట నీరు నల్లగా ముడతపడుతుంది. ఆ నల్లమచ్చ ఎటు పరుగెత్తుతోందో చూస్తే గాలి ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుంది. చుట్టూ లేచిన మేడల మధ్య నుంచి గాలి ముక్కలు ముక్కలుగా వచ్చి పడుతుంది. తెరచాప నేర్చుకునేవాడికి ఇంతకన్నా గడుసు గురువు వుండడు.

తెరచాప పడవల పందేలకు రెగట్టా అని పేరు. ఈ సెయిలింగ్ పిచ్చితోనే రెండేళ్ల క్రితం మన నగరంలోని ఒక రేవుకు వెళ్లి, నేర్పుతారా అని అడిగాను. పేరు అనవసరం. ఇనుపమెట్లు నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతాయి. వాటి చివర డ్రమ్ముల మీద తేలే చెక్క ఒకటి, అడుగు వేస్తే ఊగుతుంది. దాని చివర పడవ. మొత్తం పది అడుగుల దూరం. అక్కడున్న పెద్దాయన నన్ను చూచి ఇలా అన్నాడు: "తమ్ముడూ, పడవల కూసున్నంక నీకేం గాదు. గక్కడిదాకా పోవుడే కష్టం. ఏమన్నయితే మా మీదికొస్తది." ఆయన మొదటి మాట నాకు సర్టిఫికెట్టు, చివరి మాట తీర్పు. నేను ఒడ్డున కూర్చొని, నాకన్నా చిన్నపిల్లలు తెరచాపలెత్తడం చూచి, రెండు బస్సులు మారి గదికొచ్చాను.

ఇక్కడ కొంచెం ఫిజిక్సు చెప్పనివ్వండి. గాలి తెరచాపను తోస్తుంది, తోసేసరికి పడవ పక్కకు ఒరుగుతుంది. మామూలు చిన్న పడవల్లో ఆ ఒరుగుడును ఆపేది మనిషి శరీరమే. పడవ లోపలి పట్టీల కింద పాదాలు దూర్చి, ఒళ్లంతా పడవ బయటికి వాల్చి, తన బరువుతో పడవను నిలబెట్టాలి. ఫస్టియర్‌లో మనం చదివిన టార్క్ ఇదే. పాదమే లేనివాడు పట్టీ కింద ఏమి దూరుస్తాడు? కనుక ఇది మాబోటివాళ్ల ఆట కాదని ఎవరైనా అంటే ఒక్క క్షణం ఒప్పుకోవాలనిపిస్తుంది.

కాని 2.4 ఎమ్మార్ అని ఒక పడవ వుంది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, ఒక్క మనిషికే చోటు. అతడు నడుము వరకు లోపల దిగి, ముందుకు చూస్తూ కూర్చుంటాడు. పందెం ముగిసేదాకా అక్కడి నుంచి కదలనక్కర లేదు. తాళ్లన్నీ చేతికందేచోట వుంటాయి. చుక్కానిని చేత్తోనైనా తిప్పవచ్చు, కాలితోనైనా తిప్పవచ్చు. పడవ బరువులో సగానికి పైగా అడుగున వేలాడే సీసమే. ఒరిగినప్పుడు తిరిగి నిలబెట్టే పని ఆ సీసం చేస్తుంది. మనిషికి మిగిలే పని గాలిని చదవడం, ఎదుటివాడి ఎత్తును కనిపెట్టడం. అందుకే ఈ తరగతి పందేల్లో అవయవాలన్నీ వున్నవాళ్లూ, లేనివాళ్లూ ఒకే గీత దగ్గర బయలుదేరతారు. ఎవరికీ మార్కులు కలపరు.

ఇది కాగితం మీది మాట కాదు. పుట్టుకతోనే ఎడమచెయ్యి లేని ఫ్రెంచి నావికుడు దామియెన్ సెగాన్ 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లోను, 2016 రియోలోను ఈ పడవ మీదే స్వర్ణం గెలిచాడు. తరువాత 2020-21లో, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టివచ్చే వాందే గ్లోబ్ పందెంలో రెండు చేతులున్న మహామహుల మధ్య ఏడవవాడుగా వచ్చాడు. బ్రిటనుకు పారాలింపిక్ సెయిలింగ్‌లో తొలి స్వర్ణం 2012లో తెచ్చింది హెలెనా లూకస్ అనే మహిళ, ఇదే పడవతో.

ఇవన్నీ చదివి, "ఏదో ఒకనాడు నేనూ అర్హత రెగట్టాలో నిలబడతాను" అని ఒక నోటుబుక్కులో వ్రాసుకున్నాను. పారాలింపిక్స్‌కు నేరుగా ఎవరూ పోరు కదా. ముందు అర్హత పోటీలో నెగ్గి దేశానికి చోటు సంపాదించాలి. ఆ పోటీలు ఎప్పుడో, ఎక్కడో తెలుసుకుందామని వెతికితే అసలు సంగతి బయటపడింది. పారాలింపిక్స్‌లో సెయిలింగే లేదు! 1996 అట్లాంటాలో ప్రదర్శనగా వచ్చి, 2000 సిడ్నీ నుంచి 2016 రియో వరకు అయిదు క్రీడోత్సవాల్లో పతకాల ఆటగా నడిచి, ఆ తరువాత తప్పించబడింది. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో మళ్లీ చోటు కావాలని అడిగితే 2023లో కాదన్నారు.

ఎందుకు తీసేశారు? 2015 జనవరిలో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ చెప్పిన కారణం చాలా చిన్నది. ఒక వ్యక్తిగత క్రీడ వుండాలంటే అది కనీసం మూడు ప్రాంతాల్లో, 32 దేశాల్లో విస్తృతంగా, క్రమం తప్పకుండా ఆడబడుతూ వుండాలి. ప్రపంచవ్యాప్తి విషయంలో సెయిలింగ్ ఆ కనీస నియమాన్ని అందుకోలేకపోయింది.

మొదట నాకు కోపం వచ్చింది. ఎక్కడో జర్మనీలోని బాన్ నగరంలో కూర్చున్న కమిటీని మనసులో తిట్టుకున్నాను. తరువాత ఆలోచించాను. లెక్కకు తక్కువైన ఆ దేశాల్లో మనదీ ఒకటి కాదా? ఏడువేల కిలోమీటర్లకు పైగా కోస్తా వున్న దేశం. కాకతీయులు కొండల మధ్య కట్టలు వేసి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు నిలిపిన నేల. పదహారో శతాబ్దపు హుస్సేన్ సాగర్ మీద ఈనాటికీ వర్షాకాలపు గాలికి జాతీయ స్థాయి తెరచాప పందేలు జరుగుతున్న నగరం. గాలి వుంది, నీరు వుంది, పడవ వుంది. లేనిదల్లా ఆ పది అడుగుల దారి. ఇటువంటి పది అడుగులు దేశదేశాల్లో కలిసి, ఒక ఆటను పారాలింపిక్స్ నుంచి బయటికి నెట్టాయి. బాన్‌లోని కమిటీ చేసింది తలలు లెక్కపెట్టడమే. ఆ తలలు ఒడ్డునే ఆగిపోవడానికి కారణం మనం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సెయిలింగ్ పోయిన 2020 టోక్యో క్రీడల్లోనే బాడ్మింటన్ కొత్తగా వచ్చి చేరింది. అందులో మన దేశానికి తొలిసారే రెండు స్వర్ణాలతో సహా నాలుగు పతకాలు వచ్చాయి. అంటే ఒక తలుపు మూసుకున్న ఏడే మనకు మరొకటి తెరుచుకుంది. మాదాపూర్ పక్కనే గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీ వుంది. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మానసీ జోషి అక్కడ సాధన చేసి 2019లో ప్రపంచ విజేత అయింది. బాడ్మింటన్ కోర్టు నేలమట్టంగా వుంటుంది, రాకెట్టు పట్టుకొని నడిచి వెళ్లిపోవచ్చు. ఆ ఆటకు దారి ముందే వుంది. పడవకు దారి వెయ్యాలి. తేడా అంతే.

దారి వేస్తే ఏమవుతుందో నీటి మీద కూడా ఒక తెలుగువాడు చూపించాడు. రాయలసీమకు చెందిన కొంగణపల్లె నారాయణ సైన్యంలో పనిచేస్తూ జమ్ము కాశ్మీరులో మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నారు. పుణెలో సైన్యం పారా క్రీడాకారుల కోసం నడిపే కేంద్రంలో ఆయనకు తెడ్డు పట్టడం నేర్పారు. ఆయనది తెరచాప కాదు, రోయింగ్. గాలి బదులు భుజబలం. రాజస్థాన్‌కు చెందిన అనితతో కలిసి 2023 హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం గెలిచారు. 2024 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలోని చుంగ్జులో ఆసియా, ఓషియానియా దేశాల అర్హత రెగట్టా జరిగింది. అందులో నెగ్గి ఇద్దరూ పారిస్ పారాలింపిక్స్‌కు చేరారు. అక్కడ ఎనిమిదో స్థానంలో నిలిచారు. పతకం రాలేదు కనుక మన పత్రికల్లో పెద్ద అక్షరాలు పడలేదు. నాకు మాత్రం ఆ ఎనిమిదో స్థానం చాలా పెద్దది. ఎవరో ఒకరు ఒడ్డు నుంచి పడవ దాకా దారి వేసినందువల్ల వచ్చిన స్థానం అది. అదే పారిస్‌లో మా జిల్లా కల్లెడ గ్రామపు జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె తల్లిదండ్రులు పొలం పనులకు పోయే కూలీలు. ఆమె పరుగును గుర్తించి చెయ్యి పట్టుకొని నడిపించిన శిక్షకులు దొరికారు. ప్రతిభ పల్లెలో ఎప్పుడూ వుంటుంది, దారే వుండదు.

ఈ మాటలు మా లెక్చరరుగారొకరితో అంటే ఆయన నవ్వి, "ఆటే లేనప్పుడు అర్హత ఏమిటోయ్? రోయింగ్‌లో చేరు, పని అవుతుంది" అన్నారు. మంచి సలహానే, అదీ ప్రయత్నిస్తున్నాను. కాని సార్, 32 దేశాలు పూర్తయ్యేదాకా ఎవరూ మొదలుపెట్టకపోతే ఆ 32 ఎలా పూర్తవుతాయి? అప్పు పుట్టాలంటే పొలం చూపించమంటారు, పొలం కొనాలంటే అప్పు కావాలి. మా నాన్న జీవితమంతా తిరిగిన గానుగ ఇదే. ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు గానుగ బయట అడుగు వెయ్యాలి.

ఇది డబ్బున్నవాళ్ల ఆట, మనకెందుకన్నది రెండో మాట. సీసపు కీలు పడవ ఖరీదు మా బోటివాళ్లకు అందదన్నది నిజం. కాని 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇదే హుస్సేన్ సాగర్ మీద బీద కుటుంబాల పిల్లలకు తెరచాప నేర్పి, జాతీయ పోటీల్లో నిలబెట్టింది. వాళ్లకు తాతలనాటి పడవలేమీ లేవు. నీటి భయం లేని పిల్లలు మన పల్లెల్లో వున్నంతమంది మరెక్కడా లేరు. పైగా నేను అడుగుతున్నది పడవ కాదు, రేవు. ఏటవాలుగా దిగే ఒక దారి, కదలకుండా తేలే ఒక వేదిక, కుర్చీ నుంచి పడవలోకి జరగడానికి ఒక చెక్కబల్ల, ఒంటికి సరిపడే లైఫ్‌జాకెట్టు, "మా మీదికొస్తది" అని భయపడని ఒక శిక్షకుడు. ఈ జాబితాలో చివరిది తప్ప మిగిలినవన్నీ వడ్రంగి, వెల్డరు చెయ్యగల పనులు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం క్రీడా వసతులను అందరికీ అందేలా తీర్చిదిద్దాలని స్పష్టంగా చెబుతోంది. చట్టం వచ్చింది. మెట్లు మాత్రం మెట్లలాగే వున్నాయి.

పోయిన దసరా సెలవుల్లో మా వూరి చెరువు నిండుగా వుంది. మేము ఆరుగురం నడుములకు ట్యూబులు కట్టుకొని, ఆరు తెప్పలతో తూము నుంచి అవతలి తాళ్లదాకా పందెం పెట్టుకున్నాం. సరదాకి దానికి "అర్హత రెగట్టా" అని పేరు పెట్టాను. నేను రెండోవాణ్ణి. గెలిచినవాడు చేపలమామ కొడుకు. సగం దూరంలో గాలి మళ్లడం అతను కనిపెట్టాడు, నేను కనిపెట్టలేదు. ఓడిపోయింది కాలు వల్ల కాదు, తెలివి చాలక. అలా ఓడిపోవడంలో ఎంత సుఖం వుందో మీకు చెప్పలేను. ఆరేళ్లుగా ఎవరూ నన్ను నిజంగా ఓడించలేదు మరి!

కట్ట మీద కూర్చొని చూస్తున్న నాన్నకు తిరిగొచ్చాక పట్నంలోని రేవు సంగతి మొదటిసారి చెప్పాను. ఇనుపమెట్లు, ఊగే చెక్క, అన్నీ. "గాలికి పోయే పడవ అన్నం పెడ్తదా బిడ్డా" అంటాడనుకున్నాను. అనలేదు. నేను ఎవరి సాయమూ లేకుండా తెప్ప దిగి, పాక్కుంటూ పైకొచ్చిన జాగాను చూపించాడు. బర్రెలు నీళ్లలోకి దిగడానికి మా తాతలు కట్టను తవ్వి చేసిన ఏటవాలు దారి అది. "గొడ్లు జారి పడ్తయని మనోళ్లు బాట చేసిన్రు. అంత పెద్ద పట్నంల మనిషికి చెయ్యలేకపొయ్యిన్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర వుందేమోనని ఇక్కడ వ్రాస్తున్నాను.

మన విద్యార్థి సంఘానికి నావి మూడు మనవులు. ఒకటి, మన క్రీడామైదానం పెవిలియన్‌కున్న ఏడు మెట్ల పక్కన వచ్చే వార్షిక క్రీడల లోపల ఒక ఏటవాలు దారి కట్టించండి. రెండు, ఆ క్రీడల్లో మాకు పెట్టే పోటీని చప్పట్లకోసం పెట్టే ప్రదర్శనగా కాక, పాయింట్లు లెక్కకొచ్చే పందెంగా పెట్టండి. మూడు, దుర్గం చెరువు వంటి ఏదో ఒక చెరువు ఒడ్డున అందరికీ అందే రేవు ఒకటి కావాలని సంఘం తరఫున సంబంధిత అధికారులకు, చుట్టూ వున్న కంపెనీలకు ఒక అర్జీ వ్రాయండి. పూర్వ విద్యార్థుల్లో ఆ కంపెనీల్లో వున్నవాళ్లు చాలామంది ఈ సంచిక చదువుతారు. ఎవరికి ఇవ్వాలో వాళ్లకే బాగా తెలుసు.

రేవుకు కావలసిన చెక్కబల్ల నమూనాను నేనూ, మా బ్యాచ్ మిత్రులు ఇద్దరూ ఇప్పటికే గీశాం. ఎంత బరువుకు ఎంత వంగుతుందో ల్యాబ్‌లో కొలిచాం. తొంభై కిలోల దాకా నిలుస్తోంది. చూడదలచినవారు శనివారం ప్రాక్టికల్స్ అయ్యాక ఫిజిక్సు ల్యాబ్ వెనుక వేపచెట్టు దగ్గరకు రండి. మొదటిసారి దాని మీద నుంచి జారి నీళ్లలో పడేవాణ్ణి నేనే అవుతాను. నాకు ఈత వచ్చు.